పదిహేడో పేజీలోని ఆరు

నేను ఒక మంత్రాల పుస్తకాన్ని. నా పదిహేడో పేజీలో ఒక తప్పుంది. ఆ తప్పు నాది కాదు, మీది!

మొదటి ముద్దాయివి నువ్వే, ముద్రాక్షరశాల యజమాని సోమసుందరం! "మంత్రాల పుస్తకానికి ప్రూఫులెందుకోయ్? ఎవడు కూడి చూస్తాడు?" అన్నావే, నా చెవిన పడలేదనుకున్నావా? రెండో ముద్దాయి కంపోజిటర్ వరహాలు. తొమ్మిది అంకె టైపును గడిలో తలకిందులుగా దించేసి టీ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చి చూడనైనా చూడలేదు. తలకిందులైన తొమ్మిది ఆరై కూర్చుంది. మూడో ముద్దాయి నాలోంచి ఆ గడులు ఎక్కించుకుని, రాగిరేకుల మీద గీసి, జనాల నడుములకు కట్టిన మంత్రగాడు. నాలుగో ముద్దాయి నువ్వు. అవును, నిన్నే. నడుముకు కట్టుకుని, లోపల ఏముందో ఒక్కసారైనా విప్పి చూడలేదు. అలా చొక్కా కిందికి లాక్కోకు, నాకు తెలుసు.

మీరంతా కలిసి చేసిన ఈ పనికి ఒక ఆడమనిషి పళ్లు రాలిపోయేదాకా వచ్చింది. అదే చెబుతాను. నాకు పాలిషు పట్టి మాట్లాడటం రాదు. వినేవాళ్లు వినండి.

గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో, పిండిమర పక్కన ఉన్న అచ్చాఫీసులో పుట్టాను. నా అట్ట మీద రచయిత పేరు అరచేయంత పొడుగున్న బిరుదులతో ఉండేది. ఆ పేరుగల మనిషి భూమ్మీద లేడు. నన్ను రాసినాయన అంతకు ముందు నెల ఊరగాయల పుస్తకం రాశాడు, తర్వాతి నెల పెళ్లి శుభలేఖల నమూనాలు రాశాడు. అందుకే నా మూడో పాఠంలో "నీడలో ఆరబెట్టి జాడీలో భద్రపరచవలెను" అన్న వాక్యం ఒకటి ఎందుకుందో ఎవరికీ అర్థం కాదు.

కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆయన పునాది గట్టిగానే వేశాడు. కొత్తగా మంత్రవిద్య మొదలుపెట్టేవాళ్లకు ఏడు పాఠాలు. ఒకటి, ఒంటినీ చోటునూ శుభ్రం చేసుకోవడం. రెండు, వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం. మూడు, ఊపిరిని లెక్కపెట్టడం. నాలుగు, దీపం మీద చూపు నిలపడం. ఐదు, మంత్రాన్ని తప్పులేకుండా కంఠస్థం చేయడం. ఆరు, పదిహేను యంత్రం గీయడం. ఏడు, ఇదంతా ఎవరికీ చెప్పకపోవడం.

పదిహేను యంత్రం అంటే మూడు గడులు ఇటు, మూడు గడులు అటు. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు ఒక్కోటి ఒక్కసారే రావాలి. అడ్డంగా కూడినా, నిలువుగా కూడినా, మూల నుంచి మూలకు కూడినా పదిహేనే రావాలి. పై వరుసలో రెండు, తొమ్మిది, నాలుగు. మధ్య వరుసలో ఏడు, ఐదు, మూడు. కింద ఆరు, ఒకటి, ఎనిమిది. వరహాలు పుణ్యాన నాలో పై వరుస రెండు, ఆరు, నాలుగు అయింది. కూడండి. ఎంతొచ్చింది? నాకు పుట్టుకతోనే తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

నన్ను మొదట కొన్నవాడు సిద్ధిరాములు. తెలంగాణలో ఒక జాతరలో, దువ్వెనలకూ అద్దాలకూ మధ్య నన్ను పేర్చిన దుకాణంలో కొన్నాడు. అప్పటికి ఇరవై రెండేళ్లవాడు, సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. షాపు వెనక రేకుల గదిలో మంచం మీద పడుకుని నన్ను చదివాడు. స్నానం పాఠం చదివి ఆవలించాడు. వెన్ను పాఠం పడుకునే చదివాడు. ఊపిరి, దీపం, కంఠస్థం అన్నీ దాటేసి నేరుగా పదిహేడో పేజీకి దూకాడు. ఎర్ర సిరాతో యంత్రాన్ని నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు. తన పేరు రాసుకున్న మొదటి పేజీని చింపేశాడు, అట్ట చింపేశాడు, నన్ను పెట్టె అడుగున తోసేశాడు. తర్వాత గడ్డం పెంచి, మలయాళ దేశంలో గుహలో గురువు దగ్గర పన్నెండేళ్లు నేర్చుకున్నానని చెప్పుకున్నాడు. ఆ గుహ ఎక్కడుందో నాకు తెలుసు. దానికి సైకిల్ ట్యూబుల వాసన. పన్నెండేళ్లు కాదు, పన్నెండు రోజులు.

ముప్పై ఏళ్లు పెట్టె అడుగునే ఉన్నాను. పైన అతని పేరు మండలమంతా పాకింది. జ్వరానికి తాయెత్తు, పంటకు తాయెత్తు, పరీక్షకు తాయెత్తు. ప్రతిదానికీ ఒక నల్లకోడి. అతని ఇంట్లో ఎప్పుడూ కోడికూర వాసనే. ప్రతి తాయెత్తు లోపలా నా ఆరే.

ఒక ఏడు ఇంటికి సున్నాలు వేస్తూ అతని భార్య పెట్టె బోర్లించి, నన్ను పాత పేపర్లతో కలిపి అమ్మేసింది. అలా మండలం బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బండి మీదికి చేరాను. బజ్జీలాయన నా వెనక పేజీలు రెండు చింపి పొట్లాలు కట్టాడు. మూడోదాని మీద చెయ్యి వేశాడు.

"ఆగు తమ్మీ! గది పుస్తకమా?"

ఆ గొంతు కొంరవ్వది. నలభై ఏళ్ల మనిషి, మోదుగుకుంట అనే ఊళ్లో బీడీలు చుట్టుకునే ఆడది. కార్ఖానాకు బీడీలు అప్పజెప్పి ఊరికి పోతోంది. వయోజనుల బడిలో ఏడాది కిందటే అక్షరాలు నేర్చింది. బస్సుల బోర్డులు, సబ్బు కాగితాలు, గోడల మీద రాతలు, దొరికిందల్లా చదివేసి ఇంకేమీ మిగలక ఆకలి మీదుంది.

"మంత్రాల పుస్తకమక్కా. నీకెందుకు?"

"మంత్రాలా! గట్లయితే బజ్జీలొద్దు, గదే ఇయ్యి."

ఎందుకంటే ఆమెకు కోళ్లు అయిపోతున్నాయి. అత్త నర్సవ్వకు నడుంనొప్పి. నర్సవ్వ నెలకోసారి సిద్ధిరాములు దగ్గరికి పోవడం, ఒక నల్లకోడిని ఇచ్చి రావడం, నొప్పి మళ్లీ రావడం. ఇంట్లో ఇక మిగిలింది ఒక పుంజు, అదీ తెల్లది.

"అత్తా, ఇగ నువ్వు యాడికి వోకు. మంతరం నేనే నేర్సుకుంట" అంది కొంరవ్వ ఇంటికి రాగానే.

"నీకు పప్పు సరిగ ఉడకవెట్టుడే రాదు, మంతరం యాడొస్తదే?" అంది నర్సవ్వ.

ముప్పై ఏళ్ల తర్వాత నన్ను మొదటి పాఠం నుంచి చదివిన మనిషి దొరికింది. వేలు పెట్టి, గుణింతం గుణింతం కూడబలుక్కుంటూ, పైకి చదివింది. నాకు చక్కిలిగింత పెట్టినట్టుంది.

కొత్తగా నేర్చేవాళ్లు ఎలా ఉండాలో చూడాలంటే ఆమెను చూడాలి. అర్ధరాత్రి శ్మశానంలో కూర్చోవాలని నాలో ఉంది. "అర్ధరాత్రి మంచిగ పండుకోవాలె గని శ్మశానమేంది" అని పట్టపగలు ఇంటి గడప ముందర కూర్చుంది. పులితోలు ఆసనం అని ఉంది. గోనెసంచి పరిచింది. ఆవునేతి దీపం అని ఉంది. ఆముదం పోసింది. కానీ చేయాల్సింది మాత్రం ఒక్కటీ వదల్లేదు. ముందు గడప కడిగింది. వెన్ను నిటారుగా పెట్టింది. నూట ఎనిమిది ఊపిర్లు లెక్కపెట్టింది. మధ్యలో లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. దీపం మీద చూపు నిలిపితే మొదటిరోజు కళ్లల్లో నీళ్లు, రెండోరోజు తుమ్ములు, ఐదోరోజు కాసేపు నిజంగానే మనసు నిలబడింది. ఆ రోజు ఆమె ముఖం నేను మరచిపోను. పొద్దంతా బీడీల చాట ముందు వంగి కూర్చునే మనిషికి తన కోసం తాను కూర్చోవడం అదే మొదలు.

అత్తను కూడా పక్కన నిటారుగా కూర్చోబెట్టింది. పదిహేను రోజులకు నర్సవ్వ నడుంనొప్పి సగం తగ్గింది. "మంతరం తగిలింది!" అంది ముసలామె. అది రెండో పాఠం తగలడం. సరే, ఆ సంతోషం ఎందుకు చెడగొట్టాలి? ఊరుకున్నాను.

తర్వాత ఆరో పాఠం. పదిహేడో పేజీ.

కొంరవ్వకు కాగితం మీద కూడికలు రావు. వేళ్లకు వచ్చు. ఇరవై ఐదు బీడీల కట్టను చూడకుండానే పట్టుకోగలదు, ఒకటి తక్కువైతే అరచెయ్యే చెబుతుంది. అందుకని చాటను బోర్లించి, ముగ్గుపిండితో గడులు గీసి, నాలో ఉన్న అంకెల ప్రకారం ఒక్కో గడిలో బీడీలు పేర్చింది. మధ్య వరుస పోగుచేసి లెక్కపెట్టింది. పదిహేను. కింది వరుస. పదిహేను. పై వరుస. పన్నెండు.

మళ్లీ లెక్కపెట్టింది. పన్నెండు. "ఓ అత్తా, నువ్విండ్ల మూడు బీడీలు తాగినవా?"

"నీ బీడీలు నాకెందుకే! నేను చుట్ట తాగుతగని!"

మూడు రోజులు తన్నుకులాడింది. తప్పు తనదే అనుకుంది. అచ్చులో ఉన్నది తప్పుంటుందని కొత్తగా చదువు నేర్చినవాళ్లకు తోచదు మరి. స్నానం సరిగా చేయలేదేమో, ఊపిరి ఎక్కడో తప్పిందేమో అని మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టింది. నాలుగోరోజు చాట ముందు కూర్చుని ఒకటి ఎక్కడ, రెండు ఎక్కడ అని వరసగా వెతికింది. ఆరు రెండుచోట్ల దొరికింది. తొమ్మిది ఎక్కడా లేదు.

పై వరుసలోని ఆరు బీడీల పక్కన ఇంకో మూడు పెట్టింది. అడ్డంగా కూడింది. పదిహేను. నిలువుగా కూడింది. పదిహేను.

"నీ పాడుగాను! పుస్తకమే తప్పు!" అని ఎగిరి గంతేసింది. నన్ను తిడుతోందో ముద్దు చేస్తోందో తెలియలేదు. బడిలో ఇచ్చిన పెన్సిల్ ముక్క తెచ్చి, నా ఆరును కొట్టేసి, పక్కన తొమ్మిది రాసింది. వంకరటింకర తొమ్మిది. ముప్పై ఏళ్లుగా నాలో ఇరుక్కున్న ముల్లును పీకిపారేసింది. నేను ఏడ్వలేదు. కాగితాన్ని, ఏడిస్తే పాడైపోతాను.

ఇక ఏడో పాఠం, రహస్యం. అది ఆమె వల్ల కాలేదు. చేతులు ఆడుతుంటే నోరు ఆగని జాతి బీడీల ఆడవాళ్లది. వారం తిరక్కముందే ఆమె గడప ముందు పదకొండుమంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఊపిర్లు లెక్కపెడుతున్నారు. కత్తెర మొనతో, బీడీలు చుట్టే తునికాకు మీద పదిహేను యంత్రం గీయడం అందరికీ నేర్పింది. కోడి అడగలేదు. "ఎవలది వాళ్లే గీసుకోండి. ఒగలు గీసింది ఇంకొగలకెట్ల పనిచేస్తది?" అంది. ఈ మాట నాలో లేదు. ఆమె సొంతం.

నల్లకోళ్లు సిద్ధిరాములు ఇంటికి పోవడం మానేశాయి. కోళ్లకు సంతోషం. అతనికి కాదు.

అదే సమయంలో మోదుగుకుంట మాజీ సర్పంచి వెంకటరాజం బర్రె పాలు ఎగబట్టింది, ఆయన మోకాలు వాచింది. సిద్ధిరాములును పిలిపించాడు. అతను ఇల్లంతా తిరిగి, కళ్లు తేలేసి, వెంకటరాజం గడప పక్కన తవ్వించి, నిమ్మకాయలో గుచ్చిన మేకులతో పాటు ఒక రాగిరేకు తీసి పైకెత్తాడు. దాని మీద తొమ్మిది గడులు.

"బాణామతి! ఊళ్లె గడులు గీసేటిది ఎవలో నన్నడుగుతరా?"

మరునాడు పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా చేరింది. కొంరవ్వను మధ్యలో నిలబెట్టారు. అక్కడి పద్ధతి మీకు తెలియకపోతే చెబుతాను, నవ్వులు కాసేపు ఆపండి. బాణామతి, అంటే చేతబడి, చేసిందని తేలిస్తే పళ్లు ఊడగొడతారు. నోట్లో పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదని, విరుగుడు అయిపోతుందని లెక్క. పటకారు పట్టుకుని ఒకడు అప్పటికే తయారుగా ఉన్నాడు. నేను ఆమె కొంగులో ఉన్నాను. ఆమె గుండె నా అట్టలేని వీపుకు కొట్టుకుంటోంది. ఆమె ఊపిరి లెక్కపెట్టుకుంటోంది. మూడో పాఠం. ఎనిమిది, తొమ్మిది, పది.

"పటేలా, ఒక్క మాట" అంది. "గా రేకు నాదయితే నేనే ఒప్పుకుంట. నాదో కాదో లెక్క జూసి చెప్త. నువ్వే చదువు, మీది వరుస."

వెంకటరాజం విసుగ్గా రేకు అందుకున్నాడు. "రెండు. ఆరు. నాలుగు."

తను నాలో కొట్టేసిన ఆరే అదని కొంరవ్వ పోల్చుకుంది. "కూడు."

ఆయన వేళ్లు ముడిచాడు. "పన్నెండు."

"పదిహేను యంత్రంల పన్నెండెందుకొస్తది పటేలా? నేను గీసింది చూడుండ్రి." పదకొండుమందీ తమ తునికాకులు పైకెత్తారు. జనం అంకెలు కూడి చూశారు. పదిహేను, పదిహేను, పదిహేను. "ఇగ సామి కట్టిన తాయెత్తులు ఇప్పి చూడుండ్రి."

సిద్ధిరాములు ఉరిమాడు. "ఇప్పితే శక్తి పోతది! ఇప్పినోళ్ల కండ్లు పోతయ్!"

జనం నడుముల మీద చేతులు పెట్టుకుని ఆగిపోయారు. తాయెత్తు విప్పకూడదన్నది ఎంత పాత భయమో నాకు తెలుసు. ఆ భయం మీదే ముప్పై ఏళ్లు కోడికూర ఉడికింది. పటకారువాడు ఒక అడుగు ముందుకు వేశాడు.

అప్పుడు నర్సవ్వ లేచింది. "నా కండ్లకు పొరలొచ్చి రెండేండ్లాయె. ఇగ పోయేదేముంది?" అని మొలతాడు పుటుక్కున తెంపి, తాయెత్తును రాయితో చితక్కొట్టి, రేకు తీసి, మనవరాలి వయసున్న వయోజనుల బడి టీచరమ్మకు ఇచ్చింది.

"రెండు, ఆరు, నాలుగు" అని చదివింది టీచరమ్మ.

తర్వాత చూడాలి! పుటుక్కు పుటుక్కుమని మొలతాళ్లు తెగాయి. "నాది గూడ పన్నెండే!" "మా పిలగానిది పన్నెండే!" "అరె, నాదీ పన్నెండేరా బై!" పళ్లు ఊడగొట్టడానికి వచ్చిన ఊరు లెక్కల బడైపోయింది. పటకారువాడు తన తాయెత్తును తన పటకారుతోనే విప్పుకున్నాడు. ఆఖరికి వెంకటరాజం కూడా జబ్బ మీది వెండి తాయెత్తు విప్పి, కూడి, ఎర్రబడిపోయాడు.

"ముప్పై ఏండ్ల సంది నాకు పన్నెండు కట్టినవారా!"

ఆయన కోపం బాణామతి మీద కాదు, మూడు తక్కువైనందుకు. మనుషులు ఇంతే. పోనీయండి, పని జరిగింది.

"గది రహస్య లెక్క, మీకర్థం గాదు" అని గొణిగాడు సిద్ధిరాములు.

కొంరవ్వ కొంగులోంచి నన్ను తీసి పదిహేడో పేజీ తెరిచింది. "గీ పుస్తకం అచ్చుల తప్పు వడ్డది సామీ. ఆరు రెండుసార్లుంది, తొమ్మిది లేనే లేదు. తప్పుతో సహా నీ రేకులమీదికి ఎట్లెక్కింది?"

అతను నన్ను చూశాడు. అట్ట లేకపోయినా గుర్తుపట్టాడు. సైకిల్ గ్రీజు మరక ఇంకా నా మూలనే ఉంది. పళ్లన్నీ ఉన్నా మంత్రం పలకలేదు.

కొంరవ్వ గోనెసంచి దులిపి అతని ముందు పరిచింది. "కూసో సామీ. ఎన్ను నిటారు వెట్టు. మొదటి పాఠం కాడికెళ్లి మొదలువెడుదం."

ఊరు పగలబడి నవ్వింది. అతను కూర్చోలేదు. పది గంటల బస్సెక్కాడు.

వెంకటరాజం బర్రెకు పొదుగువాపని పశువుల డాక్టరు తేల్చాడు, మందు వేశాడు. ఆయన క్షమాపణ చెప్పలేదు. చెంబెడు పాలు పంపాడు. నర్సవ్వ ఒక్కతే తాగేసింది.

నేనిప్పుడు బీడీ కట్టల మీద అంటించే కాగితాలతో కుట్టిన కొత్త అట్ట వేసుకుని, కొంరవ్వ చాట పక్కనే ఉంటున్నాను. పొద్దున్నే పదిహేనుమంది వస్తారు. ఈమధ్య మగవాళ్లు కూడా గడప బయట నిలబడి వింటున్నారు. నాలో శక్తి ఉందా అని అడుగుతారు కొందరు. నేను పిండిమర పక్కన పుట్టిన కాగితాన్ని. ఊరగాయల జాడీ వాక్యం కూడా నాలో ఉంది. కానీ నన్ను మొదటి పాఠం నుంచి చదివి, ప్రతి గడీ తన చేత్తో కూడి చూసిన మనిషి ఊరందరి ముందు నిలబడగలిగింది. దాన్ని ఏమనాలో మీరే తేల్చుకోండి.

సంతోషంగానే ఉన్నాను. ఊరుకోను మాత్రం. మొన్న కొంరవ్వ జాతరకు పోయి నా కొత్త ముద్రణ చూసింది. నిగనిగలాడే అట్ట, కంప్యూటర్ అక్షరాలు, రంగుల దేవత బొమ్మ. పదిహేడో పేజీ తీసింది. రెండు, ఆరు, నాలుగు! పాతదాన్ని చూసి కొట్టారు, తప్పుతో సహా. సిద్ధిరాములు బస్సు దిగిన ఊళ్లో ఇవాళ కూడా ఆ ఆరు రేకుల మీద ఎక్కుతూనే ఉంటుంది. ఏదో గడప కింద పాతిపెట్టడానికి ఒక రేకు తయారవుతూనే ఉంటుంది. ఏదో ఊళ్లో పటకారు సిద్ధంగానే ఉంటుంది.

కాబట్టి వినండి. సోమసుందరం వారసులారా, రేపు మిషను ఆడించే ముందు పదిహేడో పేజీ ఆపండి, తొమ్మిది పెట్టండి, పెట్టాక కూడి చూడండి. ఊరి పెద్దలారా, ఆడమనిషి పళ్ల జోలికి పటకారు తెచ్చినవాణ్ని ఆ పటకారుతో సహా పోలీసుస్టేషనులో అప్పగించండి, మీ కొడుకైనా సరే. విద్య కావాలన్నవాళ్లకు గుహ కథలు చెప్పకండి, గోనెసంచి వేసి మొదటి పాఠం చెప్పండి.

ఇక నువ్వు. ఇందాక చొక్కా కిందికి లాక్కున్నావే, నువ్వే. రేపు కాదు, ఇప్పుడే. తాడు తెంపు. రేకు తీయి. పై వరుస కూడు. ఎంతొచ్చిందో నీ పక్కవాళ్లకు వినబడేలా గట్టిగా చెప్పు.